కొన్న నేల – ఇవ్వని నేల



పూర్తిగా డబ్బు కట్టి, రిజిస్ట్రేషన్ చేయించుకుని, ఎవరినీ మోసం చెయ్యకుండా కొన్న భూమి విషయంలో కూడా పంచశీలలోని రెండో శీలం మనల్ని ప్రశ్న అడుగుతుందా? ఈసారి దీని గురించే మాట్లాడుకుందాం. ప్రశ్న మన ఊళ్ళో పుట్టింది కాదు, ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. అక్కడ స్థిరపడ్డ ఒక తెలుగు బౌద్ధ కుటుంబం అడిగింది: "సిడ్నీకి రెండు గంటల దూరంలో హంటర్ లోయలో ఒక కాటేజీ అమ్మకానికి వచ్చింది. చుట్టూ అడవి. కొనుక్కోవాలని ఉంది. కానీ ఆ నేల ఆదివాసుల దగ్గర లాక్కున్నది అంటున్నారు. కొంటే తప్పా?"

మంచి ప్రశ్న అడిగారు. కొనే ముందే అడిగారు, అది ఇంకా మంచిది. 2021 జనాభా లెక్కల ప్రకారం ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు 50 వేలకు పైనే ఉన్నారు. ఇళ్ళు కొంటున్నారు, స్థలాలు కొంటున్నారు. కాబట్టి ఇది ఒక్క కుటుంబం ప్రశ్న కాదు. మూడు సెంట్ల ఇంటి స్థలం కోసం తరాల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగిన మన వాడల ప్రశ్న కూడా. భూమి లేకపోవడం అంటే ఏమిటో తెలిసినవాళ్ళం, భూమి కొనగలిగిన రోజున ఎలా ఆలోచించాలి?

ప్రకటనలో ఉన్నవి, లేనివి

హంటర్ లోయ న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో ఉంది. వైన్‌కి పేరుపడ్డ ప్రాంతం. ఎకరాల కొద్దీ ద్రాక్ష తోటలు, వాటి పక్కనే వైన్ రుచి చూపించి అమ్మే గదులు, వారాంతంలో సిడ్నీ నుంచి కార్లు. తోటలు అయిపోయి కొండలు మొదలయ్యేచోట చిట్టడవి ఉంటుంది. దాన్ని వాళ్ళు బుష్ అంటారు. మనం జామాయిల్ అని కలప కోసం వరసల్లో నాటే యూకలిప్టస్ జాతి చెట్లకి పుట్టిల్లు ఆ దేశమే. అక్కడ అవి వరసల్లో ఉండవు, అడవిగా ఉంటాయి.

ఆ అడవి అంచున అమ్మకానికి వచ్చే కాటేజీలు చాలావరకు ఒక్కలాగే ఉంటాయి. చెక్క గోడలు, రేకుల కప్పు, ముందు పొడుగాటి వరండా. రేకుల మీద పడ్డ వాన నీళ్ళు పట్టుకునే పెద్ద ట్యాంకు. చలికాలానికి కట్టెల పొయ్యి. సాయంత్రం ఇంటి ముందుకి కంగారూలు మేతకు వస్తాయని ప్రకటనలో తప్పకుండా రాస్తారు. వైన్ తోటలకు పది నిమిషాలే అని కూడా రాస్తారు. "తరతరాలుగా ఒకే కుటుంబం చేతిలో ఉన్న ఇల్లు" అని గర్వంగా చెప్పుకుంటారు.

అమ్మేవాళ్ళ బాధ కూడా తక్కువ కాదు. పెద్దవాళ్ళు పోయారు, పిల్లలు నగరాల్లో ఉన్నారు, ఇంటిని చూసుకునే మనిషి లేడు. తలుపు చట్రం మీద ఏటేటా పిల్లల ఎత్తు గీసిన గీతలు ఉంటాయి. ఆ గీతల్ని ధర కట్టి అమ్మలేరు, విప్పి తీసుకెళ్ళలేరు. ఇంటిని వదులుకోవడం అంటే ఏమిటో ఆ రోజు వాళ్ళకు తెలుస్తుంది. బుద్ధుడు ఉపాదానం అన్నది దీన్నే. పట్టుకున్నది జారిపోతుంటే పుట్టే దుఃఖం. ఆ దుఃఖాన్ని మనం తేలిగ్గా తీసుకోవద్దు. కానీ ఒక్క మాట అడగాలి. తరతరాల ఇల్లు వదలడమే ఇంత కష్టమైతే, వేల ఏళ్ళ నేలని వదలాల్సి వచ్చినవాళ్ళ సంగతేమిటి? ప్రకటనలో లేనిది అదే. "తరతరాలుగా" అన్న మాట మొదటి తరం దగ్గర ఆగిపోతుంది. అంతకు ముందు అక్కడ ఎవరూ లేనట్టు.

ఆ నేల చేతులు మారిన తీరు

హంటర్ లోయ వొన్నరువా ప్రజల నేల. దాని పక్క కొండలు డార్కిన్‌జంగ్ ప్రజలవి. మిల్‌బ్రోడేల్ దగ్గర ఒక రాతి గుహలో, రెండు చేతులూ బారలా చాచి నిలబడ్డ బయామీ బొమ్మ ఇప్పటికీ ఉంది. వాళ్ళ నమ్మకంలో బయామీ సృష్టికర్త. మనం దేవుణ్ణి నమ్మం. కానీ ఆ బొమ్మ అక్కడ మనుషులు బతికారనడానికి, ఆ నేలని తమదిగా తెలుసుకున్నారనడానికి సాక్ష్యం. పట్టా కాగితం లేదు. రాయే పట్టా.

1788లో బ్రిటిష్‌వాళ్ళు సిడ్నీలో వలస స్థాపించారు. 1820లలో హంటర్ లోయ భూముల్ని వచ్చిన తెల్లవాళ్ళకు ప్రభుత్వం వేల ఎకరాల చొప్పున రాసిచ్చింది. అక్కడున్నవాళ్ళని అడగలేదు, వాళ్ళకు పైసా ఇవ్వలేదు. ఎదురు తిరిగినవాళ్ళ మీదికి తుపాకులు వెళ్ళాయి. 1826లో ఆ లోయలో పట్టుబడ్డ ఒక ఆదివాసి ఖైదీని సైనికులు కాల్చి చంపారు. ఆ పని చేయించాడని ఒక సైనికాధికారి మీద 1827లో విచారణ జరిగింది. నిర్దోషి అని తీర్పొచ్చింది. ఇలాంటి తీర్పులు మనకు కొత్త కాదు.

1835లో ఇంకో సంగతి జరిగింది. జాన్ బాట్‌మన్ అనే తెల్లవాడు ఇప్పటి మెల్‌బోర్న్ ప్రాంతంలో కులిన్ ప్రజల పెద్దలతో ఒప్పందం రాసుకున్నాడు. దుప్పట్లు, కత్తులు, పిండి ఇచ్చి భూమి తీసుకున్నాడు. అది న్యాయమైన బేరం ఏమీ కాదు. కానీ ఈ నేలకి సొంతదారులు ఉన్నారని ఆ కాగితం ఒప్పుకుంది. గవర్నర్ బర్క్ వెంటనే ఆ ఒప్పందం చెల్లదని ప్రకటించాడు. భూమి అంతా బ్రిటిష్ రాజుది, ఆదివాసుల దగ్గర కొనడమే తప్పు అన్నాడు. అంటే దోచుకున్నవాడి దగ్గర కొంటే సక్రమం, ఉన్నవాడి దగ్గర కొంటే అక్రమం!

ఈ అబద్ధాన్ని ఆస్ట్రేలియా హైకోర్టు కొట్టేయడానికి 1992 జూన్ 3 దాకా పట్టింది. ఆ దేశంలో అదే అత్యున్నత న్యాయస్థానం. మెర్ అనే చిన్న ద్వీపానికి చెందిన ఎడ్డీ మాబో పదేళ్ళు పోరాడిన కేసు అది. తీర్పు రావడానికి అయిదు నెలల ముందే, ఆ జనవరిలో, ఆయన చనిపోయాడు. "ఎవరూ లేని నేల" అన్న సిద్ధాంతం తప్పని కోర్టు తేల్చింది. మరుసటి ఏడాది చట్టం కూడా వచ్చింది. అయితే దానికో హద్దు ఉంది. ఒకసారి ప్రైవేటు మనిషికి పూర్తి యాజమాన్యం, అంటే ఫ్రీహోల్డ్ రాసిచ్చేసిన భూమి మీద ఆదివాసుల హక్కు నిలవదు. మన కుటుంబం చూసిన కాటేజీ ఫ్రీహోల్డ్‌దే. అబద్ధమని తేలింది, కానీ ఆ అబద్ధం మీద పంచేసిన భూమి వెనక్కి రాదు.

భూమి రిజిస్టర్‌లో పేరుంటే చాలు, వెనక చరిత్ర తవ్వక్కర్లేదనే టోరెన్స్ పద్ధతి పుట్టింది కూడా ఆ దేశంలోనే, 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో అమల్లోకి వచ్చి 2024లో రద్దయిన ల్యాండ్ టైట్లింగ్ చట్టం వెనక ఉన్నది ఈ ఆలోచనే. అప్పుడు మన ఊళ్ళలో వచ్చిన భయం గుర్తుందా? "రిజిస్టర్‌లో పేరు ఎక్కకపోతే మన భూమి మనది కాదా?" అని. వొన్నరువా ప్రజల పేరు ఏ రిజిస్టర్‌లోనూ మొదటి పేజీలో లేదు.

డబ్బు కడితే శీలం నిలిచినట్టేనా?

రెండో శీలం పాలిలో "అదిన్నాదానం" దగ్గర ఉంటుంది. అదిన్నం అంటే ఇవ్వనిది. దొంగతనం చెయ్యను అని మనం తెలుగులో చెప్పుకుంటాం గానీ, అసలు మాట ఇంకా లోతైంది. ఇవ్వనిది తీసుకోను అని. శీలం చూసేది డబ్బు కట్టావా లేదా అని కాదు, ఇవ్వగలిగినవాళ్ళు ఇచ్చారా లేదా అని.

ఇది సన్యాసుల ఆదర్శం, లోకంలో కుదరదు అంటారేమో. మన చట్టమే ఈ మాట చెప్పింది. ఏజెన్సీ ప్రాంతాల్లో ఉన్న 1/70 చట్టం చూడండి. గిరిజనుడి భూమిని గిరిజనేతరుడు ఎంత డబ్బిచ్చి కొన్నా ఆ అమ్మకం చెల్లదు. పైగా ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చినదేనని చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది ఆ భూమి పట్టుకున్నవాడే. పేదలకిచ్చిన అసైన్డ్ భూముల మీద 1977 చట్టం కూడా అదే దారిలో నడిచింది. ఈ చట్టాల్ని ఎంతమంది ఎన్ని రకాలుగా తప్పించుకున్నారో మనకు తెలుసు. అరకు వైపు వెళ్ళి రిసార్టుల్ని చూస్తే అర్థమవుతుంది. కానీ సూత్రం మాత్రం సరైనదే. డబ్బు చేతులు మారినంత మాత్రాన న్యాయం మారదు.

ఇక్కడ మూడు అభ్యంతరాలు వస్తాయి.

మొదటిది: "లాక్కున్నది మేం కాదు కదా, రెండు వందల ఏళ్ళ క్రితం ఎవరో చేసినదానికి మేమేం చేస్తాం?" నిజమే. బుద్ధుడు కమ్మం అన్నది చేతనని, అంటే ఉద్దేశాన్ని. లాక్కునే ఉద్దేశం మీకు లేదు కాబట్టి ఆ దొంగతనం మీది కాదు. పుట్టుకతో పాపం అంటించే సిద్ధాంతాన్ని కాదనుకునే మనం బాబాసాహెబ్ వెంట నడిచాం. దాన్ని ఇంకొకరికి అంటించం. అయితే కమ్మం తెలియకముందు ఒకలా, తెలిశాక ఇంకోలా ఉంటుంది. తెలిసిన రోజు నుంచి మీరు ఏం చేస్తారు, ఏం చెయ్యకుండా ఊరుకుంటారు అన్నది మాత్రం మీ కమ్మమే. అది తాతలది కాదు.

రెండోది: "భూమి లేక ఇన్నాళ్ళు ఏడ్చింది మనం. ఇప్పుడు కొనుక్కునే రోజొచ్చేసరికి శీలం అడ్డమా?" ఈ బాధలో న్యాయం ఉంది. 1947లో రాసిన "రాష్ట్రాలు, అల్పసంఖ్యాకులు" అనే పత్రంలో బాబాసాహెబ్ వ్యవసాయ భూమి మొత్తం ప్రభుత్వానిది కావాలని, కులం చూడకుండా ఊరివాళ్ళకి సాగుకివ్వాలని ప్రతిపాదించారు. భూస్వామీ ఉండకూడదు, భూమి లేని కూలీ ఉండకూడదు అన్నది ఆయన లెక్క. భూమి అడగడం మన హక్కు. కానీ ఊరి బయట నిలబడి అడిగిన న్యాయాన్ని విమానం ఎక్కేముందు ఇంట్లో వదిలేసి వెళ్ళలేం. మనకి కావాలన్నదే వాళ్ళకీ కావాలి.

మూడోది అన్నిటికంటే తెలివైనది: "అంతా అనిత్యం, నాది అన్నదే లేదని బుద్ధుడే చెప్పాడు కదా, ఇక ఎవరి నేల అన్న గొడవెందుకు?" జాగ్రత్తగా వినండి. వైరాగ్యం చెప్పాల్సింది పట్టా ఉన్నవాడికి, పట్టా పోగొట్టుకున్నవాడికి కాదు. అనాత్మ బోధ నా పిడికిలి విప్పడానికి. ఎదుటివాడి నోరు మూయించడానికి వాడితే అది ధమ్మం కాదు.

జేతవనం ఏం చెబుతుంది?

బౌద్ధ చరిత్రలో అన్నిటికంటే పేరున్న భూమి కొనుగోలు జేతవనం. అనాథపిండికుడు బుద్ధుడి కోసం శ్రావస్తిలో ఒక తోట వెతికాడు. జేత రాకుమారుడి తోట నచ్చింది. నాణేలు పరిచినా అమ్మను అన్నాడు జేతుడు. ధర చెప్పావు కాబట్టి బేరం కుదిరినట్టే అన్నాడు అనాథపిండికుడు. తగవు పెద్దల దగ్గరికి వెళ్ళింది, వాళ్ళు అనాథపిండికుడి పక్షాన చెప్పారు. బళ్ళతో నాణేలు తెచ్చి నేలంతా పరిచాడు. భార్హుత్ శిల్పంలో ఆ దృశ్యాన్ని చెక్కారు. అది కలకత్తా మ్యూజియంలో ఉంది.

ఈ కథలో మనం ఎప్పుడూ నాణేల దగ్గరే ఆగిపోతాం. తర్వాత జరిగింది చూడండి. గుమ్మం దగ్గర కొంచెం నేల నాణేలు చాలక మిగిలింది. అప్పుడు జేతుడు "ఇక్కడ పరచొద్దు, ఇది నేనిస్తాను" అన్నాడు. అమ్మనన్నవాడే ఇచ్చాడు. అంటే కొన్న నేలకి గుమ్మం ఇచ్చిన నేల అయింది. ఆ తోటని అనాథపిండికుడు తన పేర ఉంచుకోలేదు. నాలుగు దిక్కుల నుంచి వచ్చిన, రాబోయే సంఘానికి ఇచ్చేశాడు. రాబోయేవాళ్ళ పేరు మీద కూడా భూమి ఉండొచ్చన్న ఆలోచన అప్పటికే ఉంది మనకి.

హంటర్ లోయ అమ్మకాల్లో ధర ఉంది, తగవు తీర్చిన కోర్టు ఉంది, కాగితం ఉంది. లేనిది ఆ గుమ్మం దగ్గర మాట ఒక్కటే. "ఇది నేనిస్తాను" అని చెప్పాల్సినవాళ్ళని ఎవరూ అడగలేదు.

నాలుగు సుఖాలు

అదే అనాథపిండికుడికి బుద్ధుడు గృహస్థుడి నాలుగు సుఖాల గురించి చెప్పాడు. అంగుత్తర నికాయంలో ఉంది. మన ప్రశ్నని దాని పక్కన పెట్టి చూద్దాం.

మొదటిది అత్థి సుఖం. సొంత కష్టంతో, చెమటతో, ధర్మంగా సంపాదించింది నాకు ఉంది అన్న సంతోషం. ఆస్తి ఉండటమే తప్పని బుద్ధుడు గృహస్థులకు చెప్పలేదు. రాత్రి షిఫ్టులు చేసి కూడబెట్టిన డబ్బుతో ఇల్లు కొనుక్కోవాలనుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

రెండోది భోగ సుఖం. ఉన్నదాన్ని అనుభవిస్తూ దానితో మంచి చెయ్యడం. ఇక్కడ వైన్ సంగతి వస్తుంది. చాలామంది ఇలాంటి కాటేజీలు కొని, వైన్ తాగడానికి వచ్చేవాళ్ళకి రోజుల లెక్కన అద్దెకిస్తారు. ఉపాసకుడు చెయ్యకూడని అయిదు వ్యాపారాల్లో మత్తు పదార్థాల వ్యాపారం ఒకటి. అద్దెకివ్వడం వైన్ అమ్మడం కాదు, నిజమే. కానీ వచ్చే ఆదాయం దేనిమీద నిలబడిందో మీరే చూసుకోవాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారాకి ఎదురు తిరిగింది మత్తు ఇంటిని ఏం చేస్తుందో తెలిసే. ఖరీదైన సీసాలో పోసినంత మాత్రాన అయిదో శీలం మారదు.

మూడోది అనణ సుఖం. అప్పు లేని సుఖం. బ్యాంకు అప్పు ముప్ఫై ఏళ్ళలో తీరుతుంది. బ్యాంకు పుస్తకంలో లేని అప్పు ఇంకోటి ఉంది. ఆ నేలని మీకంటే ముందు కాపాడినవాళ్ళది. ఎండాకులు పేరుకోకుండా చిన్న చిన్న చల్లని మంటలు పెట్టి అడవిని కాపాడే విద్య వాళ్ళది. ఆ విద్యని వలస ప్రభుత్వం తరిమేసింది. 2019 అక్టోబర్‌లో పిడుగు పడి అంటుకున్న గాస్పర్స్ మౌంటెన్ మంట 12 లక్షల ఎకరాలకు పైగా కాల్చింది. పొగ వాసన పట్టిన ద్రాక్షతో 2020లో హంటర్ లోయలో చాలామంది వైన్ తియ్యలేకపోయారు. పెద్ద మంటకి ఎండా, కరువూ కారణాలే. అయినా ఆ తర్వాత అక్కడివాళ్ళు ఆ పాత విద్య కోసం ఆదివాసి పెద్దల్ని మళ్ళీ వెతకడం మొదలుపెట్టారు. అప్పు ఎవరికి ఉన్నామో అప్పుడు గుర్తొచ్చింది.

నాలుగోది అనవజ్జ సుఖం. చేతలో, మాటలో, మనసులో వేలెత్తి చూపే తప్పు లేదన్న సుఖం. మొదటి మూడూ కలిపినా దీనిలో పదహారో వంతుకి సరిరావన్నాడు బుద్ధుడు. ఇల్లు మొదటి సుఖం ఇస్తుంది. నాలుగోది ఇల్లు ఇవ్వదు, మనం సంపాదించుకోవాలి.

అయితే ఏం చెయ్యాలి?

ఆ కుటుంబానికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. కొనడం, మానడం వాళ్ళ ఇష్టం. కొనకపోతే ఇంకొకరు కొంటారు, నేల మాత్రం వొన్నరువా ప్రజలకి వెళ్ళదు. కొంటే మాత్రం కొన్నామని అనుకోకుండా, కాపలాకి ఒప్పుకున్నామని అనుకోవాలి. అది మాటగా మిగలకూడదు, పనిగా కనిపించాలి.

ఒకటి, ఆ స్థలంలో ఆదివాసుల గుర్తులు ఏమైనా నమోదయ్యాయేమో కొనేముందే చూడాలి. న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం దగ్గర దానికి రిజిస్టర్ ఉంది. రెండు, 1983 చట్టం కింద ఏర్పడ్డ ఆదివాసి భూ మండళ్ళు అక్కడ పనిచేస్తున్నాయి. వెళ్ళి కలవాలి. ఆ నేలకి వెళ్ళే దారి, అక్కడ మంటలు పెట్టే విద్య, ఆచారాలు వాళ్ళకి తెరిచి ఉంచుతామని చెప్పాలి. మూడు, అడవిని నరకకుండా శాశ్వత సంరక్షణ ఒప్పందం రాసుకునే వీలుంది. రాసుకుంటే తర్వాత కొనేవాళ్ళు కూడా దానికి కట్టుబడాలి. రాబోయేవాళ్ళ పేరు మీద భూమి అన్నది ఇదే. నాలుగు, ఆదాయంలో కొంత ఆదివాసి సంస్థలకు అద్దెగా చెల్లించే పద్ధతిని అక్కడ కొందరు పాటిస్తున్నారు. "అద్దె కట్టు" అనే పేరుతోనే అది నడుస్తోంది. దానం అనకుండా అద్దె అనడంలోనే నిజాయితీ ఉంది.

అయిదోది ఓటు. 2023 అక్టోబర్ 14న ఆస్ట్రేలియాలో రెఫరెండం జరిగింది. ఆదివాసులకి పార్లమెంటు ముందు మాట చెప్పుకునే ఒక సంస్థని రాజ్యాంగంలో చేర్చాలా అన్నది ప్రశ్న. దాదాపు 60 శాతం మంది వద్దన్నారు. తేదీ గమనించారా? 1956లో అదే అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ధమ్మ దీక్ష తీసుకున్నారు. ఆ రోజున దీక్షా దినం జరుపుకున్న మనవాళ్ళలో ఆ దేశ పౌరులు కూడా ఉన్నారు. ఏ పెట్టెలో ఏ ఓటు వేశారో నేను అడగను. ఇలాంటి రోజు మళ్ళీ వస్తే మాత్రం, భూమి కొనుక్కున్న చెయ్యే ఓటు కూడా వెయ్యాలి.

ఇక్కడున్న మనం కూడా వినాలి. వచ్చే పున్నమికి పంచశీల చెప్పుకునేటప్పుడు రెండో శీలం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మీరు కూర్చున్న నేల మీకు ఎవరి నుంచి వచ్చింది, వాళ్ళకి ఎవరి నుంచి వచ్చింది, ఆ వరసలో అడగకుండా తీసుకున్న చోటు ఎక్కడైనా ఉందా అని ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. చెరువు శిఖం, ఏజెన్సీ పొలం, పేదవాడి డీ-పట్టా ఏదైనా ఆ వరసలో తగిలితే దాని సంగతి మీ సంఘ సమావేశంలో పెట్టండి. కలిసి దారి వెతుకుదాం.

జై భీమ్! నమో బుద్ధాయ!